ఇంట్లో నన్ను స్విచ్‌ల పోలీసు అంటున్నారు

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం పంపారు. కుదించి చెబుతాను. ఆమెకు 43 ఏళ్లు. అద్దె ఇంట్లో పై వాటా. భర్త, డిగ్రీ చదువుతున్న కూతురు, తొమ్మిదో తరగతి కొడుకు, డెబ్బై దాటిన అత్తగారు, తను. భర్తకు ఓవర్‌టైమ్ ఆగిపోయి ఎనిమిది నెలలైంది. ఇంటికొచ్చే డబ్బు నాలుగో వంతు తగ్గింది. "పిల్లలకు చెప్పకు, భయపడతారు" అన్నారాయన. సరే, కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు నేను చూసుకుంటానని ఈమె ఆ భారం నెత్తికెత్తుకున్నారు.

అప్పటి నుంచి ఇల్లంతా తిరిగి చార్జర్లు పీకడం, ఎవరు గది దాటితే వాళ్ల వెనకాలే వెళ్లి లైట్లు తీయడం. ఒక రాత్రి ఒంటిగంటకు కూతురు నిద్రపోయిందనుకుని లైటు తీసేశారు. ఆ పిల్ల పరీక్షకు చదువుకుంటోంది. చీకట్లోనే కూర్చుని ఏడ్చింది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పొద్దునా సాయంత్రమూ వేడినీళ్ల స్నానం. "ఒక పూట సరిపోదా అత్తయ్యా" అని ఈమె ఒకరోజు నోరు జారారు. మర్నాడు ఆ పెద్దావిడ చన్నీళ్లు పోసుకుని జ్వరం తెచ్చుకున్నారు. భర్త మూడు రోజులు మాట్లాడలేదు. ఇరవై నిమిషాల షవర్ స్నానం చేసే కొడుకు అమ్మకు 'స్విచ్‌ల పోలీసు' అని పేరు పెట్టాడు. ఇంత చేశాక మూడో నెల బిల్లు చూస్తే 31 యూనిట్లు పెరిగి ఉంది.

పైగా ఫ్లష్ ట్యాంకు రాత్రింబవళ్లు సన్నగా బుస కొడుతుంటుంది. బాగు చేయించమంటే "వాడుకునేది మీరే కదా" అంటున్నారు అద్దెకిచ్చిన ఇంటివాళ్లు. భర్తేమో వాయిదాల మీద కొత్త ఫ్రిజ్, దాంతోపాటు "కరెంటు తక్కువ తాగే" ఏసీ కొందామంటున్నారు. మరిది సోలార్ పెట్టించమంటున్నాడు. చివరికి ఆమె అడిగింది ఇది: "నేను పిసినారినా, లేక వీళ్లకే బాధ్యత లేదా? ఏం మానాలి, ఏం కొనాలి?"

ముందు మీకో మంచి కబురు. మీ వాడకం పెరగలేదు.

చివరి పేజీలో మీరు మూడు నెలల లెక్కలూ రీడింగ్ తీసిన తేదీలతో సహా రాశారు. యూనిట్లు చూసుకున్నారు గానీ రోజులు లెక్కపెట్టుకోలేదు. మొదటి నెల 318 యూనిట్లు, 29 రోజులకు. రెండో నెల 312 యూనిట్లు, 30 రోజులకు. మూడో నెల 343, కానీ ఆసారి రీడింగ్ తీసే అతను ఆలస్యంగా వచ్చినట్టున్నాడు, 34 రోజులయ్యాయి. రోజుల చొప్పున భాగించి చూడండి. రోజుకు దాదాపు 11 యూనిట్లు, తర్వాత 10.4, ఆ తర్వాత 10.1. నెలనెలా తగ్గుతూనే వచ్చింది. మొత్తం 8 శాతం తగ్గించారు. ఆ బిల్లు చేతిలో పట్టుకుని ఇంట్లో ఎవరిని ఏమన్నారో మీరు రాయలేదు, నేనూ అడగను.

ఒక్క సంగతి మాత్రం కనుక్కోండి. చాలాచోట్ల వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబులుంటాయి. 34 రోజుల వాడకాన్ని ఒక నెల కింద కట్టేస్తే చివరి యూనిట్లు పై శ్లాబులో పడి ఖరీదవుతాయి. రోజులకు తగ్గట్టు శ్లాబు సర్దారో లేదో ఆఫీసులో అడగండి. ఇకపై ప్రతి ఆదివారం ఒకే వేళకు మీటరు మీరే చూసి రాసుకోండి. నెలకోసారి వచ్చే బిల్లు అయిపోయిన కథ చెబుతుంది. వారానికోసారి రాసుకున్న అంకె అయితే, ఏ మార్పు పనిచేసిందో ఇంకా గుర్తుండగానే చెబుతుంది.

ఇక అసలు సంగతి. మీరు కాపలా కాసిన చోట దొంగ లేడు.

వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. ఇదొక్కటి గుర్తుంటే మిగతాదంతా గుణకారమే. మామూలు ఫోన్ బ్యాటరీలో పట్టేది సుమారు 15 వాట్-అవర్లు. చార్జింగ్‌లో పోయే నష్టం కలిపి 20 అనుకుందాం. రోజూ ఒకసారి నిండా చార్జ్ చేస్తే నెలకు అర యూనిట్ పైచిలుకు. ఫోన్ లేకుండా గోడకు వేలాడే చార్జర్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఈమధ్య వచ్చేవి నెలంతా అలాగే ఉన్నా యూనిట్‌లో పదో వంతు కూడా లాగవు. మీ అమ్మాయి గదిలో ఎల్ఈడీ బల్బు 9 వాట్లదని రాశారు. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా రోజూ వెలిగినా నెలకు ఒక్క యూనిట్. ఆ పిల్ల చీకట్లో ఏడ్చింది ఆ ఒక్క యూనిట్‌లో ఏ కొసరు కోసమో.

తప్పు మీది కాదు. లైటు కంటికి కనిపిస్తుంది, చార్జర్ చేతికి తగులుతుంది, అందుకని కోపం వాటి మీదికే పోతుంది. బాత్రూమ్ పైన తెల్లగా, చడీచప్పుడు లేకుండా కూర్చున్న గీజర్ మీదికి పోదు. ఇంట్లో కరెంటు నిజంగా తాగేవి వేడి చేసేవి, చల్లబరిచేవి, గంటల తరబడి తిరిగేవి. వెలిగేవీ మోగేవీ చిల్లర.

మీ ఇంట్లో రోజుకు పది యూనిట్లు ఎక్కడ పోతున్నాయో, మీరు రాసిన వివరాలను బట్టి ఉజ్జాయింపుగా చెబుతాను. మూడు పాత ఫ్యాన్లు, ఒక్కొక్కటి 75 వాట్లు, రోజుకు 12 గంటలు: 2.7 యూనిట్లు. గీజర్ మూడు యూనిట్ల పైన. పదహారేళ్ల ఫ్రిజ్ ఒకటిన్నర నుంచి రెండు. మోటారు అర యూనిట్. మిగిలిందంతా టీవీ, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ, మిక్సీ, లైట్లు కలిపి. అంటే ఫ్యాన్లు, గీజర్, ఫ్రిజ్, ఈ మూడింటిలోనే ముప్పాతిక వంతు ఉంది. వీటిలో ఒక్కదాని జోలికైనా మీరు మూడు నెలల్లో వెళ్లలేదు, అత్తగారి స్నానం తప్ప.

ఆ స్నానం దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మీ ఉత్తరంలో బరువంతా అక్కడే ఉంది. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలోకేలరీ కావాలి. 860 కిలోకేలరీలు ఒక యూనిట్‌తో సమానం. పద్దెనిమిది లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీల నుంచి 40కి తేవడానికి 270 కిలోకేలరీలు, అంటే యూనిట్‌లో మూడో వంతు కన్నా తక్కువ. ఆవిడ రెండు పూటలా పోసుకున్నా రోజుకు 0.6 యూనిట్. అదే మీ అబ్బాయి సంగతి చూడండి. మీది 25 లీటర్ల గీజర్. అందులో నీళ్లను 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికే ఒక యూనిట్ పడుతుంది. ఇరవై నిమిషాల షవర్‌లో వాడు ఆ నీళ్లన్నీ ఖాళీ చేసి, మధ్యలో మళ్లీ వేడెక్కినవి కూడా వాడుకుని బయటికొస్తాడు. ఒక్క స్నానానికి యూనిట్ పైనే. నీళ్ల లెక్కా తీయండి. షవర్ కింద పది లీటర్ల బకెట్ పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో ఫోన్‌లో చూడండి. నిమిషంలో నిండితే ఇరవై నిమిషాలకు 200 లీటర్లు. నానమ్మ బకెట్లు పదకొండు.

ఇది చదివి ఇప్పుడు వాడి మీదికి వెళ్లకండి. ఒక పోలీసు డ్యూటీ మానేసి ఇంకో డ్యూటీ ఎక్కినట్టవుతుంది. పద్నాలుగేళ్లవాడికి ఆ ఇంట్లో తలుపు వేసుకునే చోటు అదొక్కటే అయ్యుండొచ్చు. ముందు గీజర్ సంగతి చూడండి, మనుషుల సంగతి తర్వాత.

మీ గీజర్ తెల్లవారి అయిదు నుంచి పది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు గంటలు ఆన్‌లోనే ఉంటుందని రాశారు, అత్తగారు ఎప్పుడంటే అప్పుడు వాడుకోవచ్చని. నీళ్లు వాడకపోయినా ట్యాంకు గోడల గుండా వేడి పోతూనే ఉంటుంది, అది మళ్లీ మళ్లీ వేడి చేసుకుంటూనే ఉంటుంది. స్నానాలన్నీ వరసగా, మొదట అత్తగారు, చివర అబ్బాయి, అలా పెట్టుకుని మొదటి స్నానానికి అరగంట ముందు ఆన్ చేసి, అబ్బాయి లోపలికి వెళ్లేటప్పుడు ఆఫ్ చేస్తే రెండు పనులవుతాయి. నిలవ వేడి వృథా కాదు. ట్యాంకులో ఉన్న వేడినీళ్లు అయిపోయేసరికి వాడే బయటికొస్తాడు, ఎవరూ తలుపు కొట్టనక్కర్లేదు. ఇబ్బంది ఏమిటంటే పొద్దున్నే అందరికీ హడావుడి, ఒకరు ఆలస్యమైతే గొలుసంతా ఆలస్యం. మీ ఇంట్లో అది కుదరదనుకుంటే టైమర్ స్విచ్ పెట్టించండి, కాకపోతే 16 ఆంపియర్లు తట్టుకునేదే కొనాలి. మామూలు చిన్న టైమర్ గీజర్‌కి పెడితే కాలిపోతుంది.

గీజర్ మీద వేడి తిప్పే మర 75 దగ్గరుంటే 60కి దించండి. మరీ కిందికి దించి గోరువెచ్చటి నీళ్లు నిలవ ఉంచొద్దు, అలాంటి నీళ్లలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, పెద్దవాళ్ల ఊపిరితిత్తులకు అది ప్రమాదం. అలాగని 60 డిగ్రీల నీళ్లు నేరుగా ఒంటిమీద పడ్డా కాలుతుంది. బకెట్‌లో ముందు చన్నీళ్లు పట్టి ఆ తర్వాతే వేడినీళ్లు కలపడం అత్తగారికి అలవాటు చేయండి.

ఇప్పుడు కొనుగోళ్లు. మీ వారి మాట పూర్తిగా కొట్టిపారేయను, కానీ వరస మారుస్తాను.

ఏసీ సంగతి ముందు తేల్చేద్దాం. మీ ఇంట్లో ఇప్పుడు ఏసీ లేదు. లేని ఏసీ కన్నా తక్కువ కరెంటు తాగే ఏసీ ఇంతవరకు ఎవరూ తయారు చేయలేదు. మంచి ఇన్వర్టర్ ఏసీయే అయినా, సగటున అర కిలోవాట్ లాగుతుందనుకున్నా, రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే నాలుగు యూనిట్లు, నెలకు 120. ఇది ఈనాటి ముచ్చట కాదు. తక్కువ బొగ్గుతో నడిచే ఆవిరి యంత్రాలు వచ్చాక బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని 1865లోనే విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త గమనించాడు. పొదుపుగా నడుస్తుందన్న ధైర్యం వాడకాన్ని పెంచుతుంది. ఎండకు అత్తగారు తట్టుకోలేకపోతున్నారనో, మీ వారికి నిద్ర పట్టడం లేదనో అయితే ఏసీ కొనుక్కోవచ్చు, అది వేరే కారణం, ఒప్పుకోదగ్గ కారణమే. కానీ దాన్ని పొదుపు ఖాతాలో రాయకండి, వాయిదాకు తోడు నెలకు వంద యూనిట్ల పైన బిల్లు కూడా కలిపి చూసుకోండి.

ఫ్రిజ్ విషయంలో ఆయన మాట నిజమయ్యే అవకాశముంది. కొనేముందు ఒక పరీక్ష చేయండి. అందరూ కలిసి ఏ పూటైనా బయటికి వెళ్లే రోజు ఫ్రిజ్ తప్ప అన్నీ ఆపేసి, మీటరు అంకె రాసుకుని వెళ్లండి. తిరిగొచ్చాక మళ్లీ చూడండి. కనీసం ఆరేడు గంటలైనా గడవాలి, ఎందుకంటే కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది. ఆ లెక్కన రోజుకు యూనిట్ లోపు వస్తే ఫ్రిజ్‌ను ఇంకొన్నాళ్లు ఉండనివ్వండి. రెండు దాటితే మార్చడం గురించి ఆలోచించొచ్చు, అదే సైజు కొత్తవి సగం కంటే తక్కువతో నడుస్తాయి. మధ్యలో ఉంటే ముందు తలుపు రబ్బరు చూడండి. కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగితే సులువుగా వచ్చేస్తోందంటే చల్లదనం అక్కడి నుంచే కారిపోతోంది. రబ్బరు ఒక్కటే మార్చుకోవచ్చు. వెనక దుమ్ము దులిపి గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి. లోపల 4 డిగ్రీలు చాలు. ఒకవేళ కొత్తది కొంటే పాతది ఇంట్లోంచి వెళ్లిపోవాలి. "ఉండనీ, నీళ్లకు పనికొస్తుంది" అని మూలన పెడితే రెండు ఫ్రిజ్‌ల బిల్లు కడతారు.

మీరెవరూ తలవనివి ఫ్యాన్లు. నేనైతే మొదటి డబ్బు వాటి మీద పెడతాను. బీఎల్‌డీసీ ఫ్యాన్లని వస్తున్నాయి, అదే గాలికి సుమారు 30 వాట్లు చాలు. మూడూ మారిస్తే నెలకు 48 యూనిట్ల దాకా మిగులుతాయి. మీరు ఇప్పటికే తక్కువ స్పీడులో తిప్పుకుంటుంటే ఆదా అంత రాదు, అది గమనించుకోండి. ఒకేసారి మూడు కొనక్కర్లేదు. ఎక్కువ గంటలు తిరిగే గదిలో ఒకటి మార్చి రెండు నెలలు మీటరు చూడండి. ఇల్లు మారినప్పుడు విప్పుకుని తీసుకెళ్లొచ్చు. అద్దె ఇంట్లో ఏది కొనాలన్నా నేను మొదట అడిగే ప్రశ్న అదే.

అందుకే మీ మరిది చెప్పిన సోలార్ మీకు కాదు. పైకప్పు మీది కాదు, పెట్టుబడి తిరిగిరావడానికి ఏళ్లు పడుతుంది, అప్పటికి మీరు ఆ ఇంట్లో ఉంటారో లేదో. ఇంటివాళ్లకు ఆసక్తి ఉంటే వాళ్లతో మాట్లాడమనండి.

అద్దె ఇల్లు కాబట్టి ఇంకొకటి. ఇంట్లో అన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసేసి మీటరు మీద మెరిసే చిన్న ఎర్ర దీపం చూడండి. అది ఇంకా వెలిగి ఆరుతూనే ఉంటే కరెంటు ఎక్కడికో పోతోంది. పాత వైరింగ్ లీకేజీ కావచ్చు, మెట్ల లైటో కింది వాటా వాళ్ల లైనో మీ మీటరుకు కలిసి ఉండొచ్చు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చూపించండి, మీరు విప్పొద్దు. అలాగే టీవీ రిమోట్‌తో ఆపినా సెట్‌టాప్ బాక్స్ ఆగదు. పది వాట్లు లాగినా నెలకు ఏడు యూనిట్లు. చార్జర్ల కోసం ఇల్లంతా తిరిగే ఓపిక ఉంటే ఆ ఓపికను పడుకునేముందు ఈ ఒక్క స్విచ్ దగ్గర ఖర్చు పెట్టండి, చాలు.

ఫ్లష్ ట్యాంకుకు వస్తాను. ఆ బుస శబ్దాన్ని చిన్నచూపు చూడకండి. సెకనుకో చుక్క కారే కుళాయే రోజుకు ఇరవై లీటర్ల పైన పోగొడుతుంది. ట్యాంకు లీకు అయితే చుక్కలు కాదు, ధార. ట్యాంకులో కాస్త రంగు కలిపి అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే ట్యాంకు మూత తీసి చూడండి, నీళ్లు నిలువు గొట్టం అంచు దాటి పొర్లకపోతే, అడుగున ఉన్న రబ్బరు మూత సరిగా పడటం లేదు. పొర్లుతుంటే తప్పు రబ్బరు మూతది కాదు. అప్పుడు తేలే బంతిని కొంచెం కిందికి సర్దితే సరిపోవచ్చు. తర్వాత రాత్రి ఎవరూ నీళ్లు వాడని గంటలో నీళ్ల మీటరు చూడండి. ఉదాహరణకు గంటలో పది లీటర్లు కదిలిందనుకోండి, నెలకు 7,200 లీటర్లు. ఆ నీళ్లను పైకి ఎక్కించేది మీ మీటరు మీద తిరిగే మోటారే. మోటారు కరెంటు అంత పెద్ద లెక్క కాదు, ఒక హెచ్‌పీ మోటారు గంట నడిస్తే సుమారు యూనిట్, అంతే. నీళ్లే పెద్ద లెక్క. అయితే మేడ మీది ట్యాంకు నిండటానికి ఇదివరకటి కన్నా ఎక్కువసేపు పడుతోందంటే, మోటారు నీళ్లు లాగే గొట్టం అడుగున ఉండే ఫుట్‌వాల్వు చూపించండి. నిండి పొర్లితే పక్కింటివాళ్లు అరిచేదాకా తెలియడం లేదన్నారు కదా, నిండగానే ఆపేసే ఫ్లోట్ స్విచ్ ఒకటి పెట్టిస్తే ఆ అరుపులూ తప్పుతాయి.

ఇంటివాళ్ల విషయంలో మీకు మూడు దారులున్నాయి. ఆ రబ్బరు మూత మీరే మార్పించేయడం ఒకటి. ఖర్చు కొద్దిగానే అవుతుంది, ఒకటి రెండు బిల్లుల్లో తిరిగొచ్చేస్తుంది. కాకపోతే రేపు కుళాయి పాడైనా, తలుపు ఊడినా మీరే చూసుకుంటారులే అని వాళ్లకు అలవాటవుతుంది. రెండోది, కొలిచిన అంకెతో ఫోన్‌లో మెసేజ్ పెట్టడం: "గంటకు ఇన్ని లీటర్లు కారుతున్నాయి, గోడ చెమ్మగిల్లుతోంది, మీరు చేయిస్తారా, నేను చేయించి అద్దెలో తగ్గించుకోనా?" నీళ్ల బిల్లు వాళ్ల బాధ కాదు గానీ గోడ చెమ్మ వాళ్ల బాధే. నిజంగా చెమ్మ ఉంటేనే ఆ మాట రాయండి. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే డబ్బు పెట్టండి. మూడోది, ట్యాంకుకు వెళ్లే వాల్వు కట్టేసి బకెట్‌తో పోసుకోవడం. నాలుగు రోజులకు పరవాలేదు, మోకాళ్ల నొప్పులున్న మనిషి ఇంట్లో ఉండగా అంతకుమించి వద్దు. నేనైతే రెండోది మొదలుపెట్టి, వారంలో జవాబు రాకపోతే మొదటిది చేసి ఊరుకుంటాను. పౌరుషానికి పోయి ఇంకో 7,200 లీటర్లు కట్టడం నాకిష్టం లేదు.

నీళ్లలో మిగతావి త్వరగా చెప్పేస్తాను. కుళాయి మూతికి జల్లెడలా బిగించే ఏరేటర్ పెడితే ధార పలచబడదు, నీళ్లు తగ్గుతాయి. షవర్‌కీ తక్కువ ధార తల దొరుకుతుంది. అబ్బాయి ఇరవై నిమిషాలు మారకపోయినా ఖర్చు మారుతుంది. వాషింగ్ మెషీన్ నిండాకే వేయండి, చివరి జాడింపు నీళ్లు ఇల్లు తుడవడానికి పట్టుకోండి. ఫ్లష్ ట్యాంకులో నీళ్లు నింపిన సీసా పెడితే ప్రతిసారీ ఆ సీసా అంత మిగులుతుంది. ఇటుక మాత్రం పెట్టొద్దు, కరిగి పొడి రాలి రబ్బరు మూతను పాడు చేస్తుంది.

ఇక మీరు నిజంగా అడిగిన ప్రశ్న. మీరు పిసినారి కాదు. భయపడ్డ మనిషి. ఆ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, ముఖ్యంగా కారణం తెలియనివాళ్లకు. మీ ఆరు పేజీల్లో అన్నిటికన్నా పెద్ద విషయం ఒకే ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్లిపోయారు: "పిల్లలకు చెప్పకు అన్నారు." ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో పిల్లలకు కనిపిస్తున్నది ఇది: నాన్న ఎప్పటిలాగే ఉన్నాడు, కొత్త ఏసీ కొందామంటున్నాడు, అమ్మకే ఏదో అయింది. మీ వారు దాచింది ఆదాయం తగ్గిన సంగతి. దాని మూల్యం మాత్రం మీ పరువుతో కడుతున్నారు.

చెప్పడమా మానడమా అన్నది మీ ఇద్దరూ కలిసి తేల్చుకోవాల్సిన మాట. ఆయనకు తెలియకుండా మీరు పిల్లలకు చెప్పేస్తే ఇంట్లో ఇంకో గాయం మొదలవుతుంది. అస్సలు చెప్పకపోతే మీరు ఎంత మెత్తగా అడిగినా అది సణుగుడులాగే వినిపిస్తుంది. మధ్యదారి ఒకటుంది. అంకెలు చెప్పకుండా, "నాన్నకు ఓవర్‌టైమ్ ఆగింది, భయపడాల్సింది ఏం లేదు, కొన్నాళ్లు చూసి ఖర్చు పెట్టాలి" అన్నంత వరకు ఆయన నోటితోనే చెప్పించడం. డిగ్రీ చదివే పిల్లకు ఇప్పటికే సగం తెలిసే ఉంటుంది. ఆయన్ను ఒప్పించడానికి ఏసీ వాదనలోకి దిగొద్దు. అంతా మామూలుగానే ఉందని ఇంటికి చూపించుకోవాలన్న ఆరాటం ఆ ఏసీలో కొంత ఉందేమోనని నా అనుమానం. "మీరు చెప్పొద్దన్నారు కాబట్టి నేను చెడ్డదాన్నవుతున్నాను, నాకు కష్టంగా ఉంది" అని చెప్పండి. అది వాదన కాదు కాబట్టి దానికి ఎదురువాదన ఉండదు.

అత్తగారి దగ్గరికి మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా ఈ రోజే వెళ్లండి. లెక్కలు చెప్పొద్దు. "అత్తయ్యా, ఆ రోజు అలా అనకూడదు, టెన్షన్‌లో అనేశాను. మీరు రెండు పూటలా పోసుకోండి" అంటే చాలు. ఆవిడ వెంటనే మెత్తబడకపోవచ్చు. రెండు రోజులు సాయంత్రం మీరే బకెట్‌లో నీళ్లు తోడి పెట్టి పిలవండి. అమ్మాయికి కూడా ఒక మాట బాకీ ఉన్నారు. ఆ పిల్ల గది స్విచ్ ఇకమీదట ఆ పిల్లదే.

అబ్బాయికి మీటరు అప్పగించవచ్చు. ఆదివారం రీడింగ్ వాడే తీసి, వారం వారం గోడమీద రాస్తాడు. మిగిలిన డబ్బులో కొంత పిల్లలకు ఇస్తానంటే హుషారుగానే చేస్తాడు. అయితే అలా ఇస్తే, వాడు నానమ్మ గీజర్ మీదా అక్క ఫ్యాన్ మీదా కాపలా మొదలుపెట్టే ప్రమాదముంది. ఇంటికి ఒక పోలీసు చాలు కదా. అందుకని బహుమానం వాడొక్కడికే కాకుండా అందరికీ కలిపి ఏదైనా పెట్టండి, ఎవరు ఎంత వాడారో కాక మొత్తం అంకె మాత్రమే గోడ మీద ఉండాలని ముందే చెప్పండి. అసలు వాడికి ఆసక్తే లేకపోతే బలవంతం వద్దు, మీరే రాసుకోండి.

ఖర్చు లేని మార్పులు, అంటే గీజర్ వేళలు, సెట్‌టాప్ స్విచ్, ఫ్రిజ్ సర్దుబాట్లు, షవర్, ఇవి నిలబడితే మీ పది యూనిట్లు ఎనిమిదిన్నర దాకా రావొచ్చని నా అంచనా. ఫ్యాన్లు కూడా మారితే ఏడు. అంతకన్నా కిందికి లాగాలంటే ఎవరో ఒకరి సుఖం కోయాల్సి వస్తుంది, అక్కడ ఆగిపోండి. బిల్లులో స్థిర చార్జీ ఎలాగూ తగ్గదు.

ఫ్రిజ్ పరీక్షలో ఏం తేలిందో, ఇంటివాళ్లు ఏమన్నారో వీలైతే రాయండి. ఈసారి యూనిట్ల పక్కన రోజులు కూడా మీరే లెక్కపెట్టి రాయండి.